మెలియోయిడోసిస్

మెలియోయిడోసిస్ తడి నేలలోను, నిలువ నీటిలోను నివసించే బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బాక్టీరియా వలన మనుషులకు, పశువులకు కలిగే వ్యాధి. రోగులలో ఎక్కువగా కనిపించే రూపం న్యుమోనియా. ఈ వ్యాధి ఒక మనిషి నుండి మరొకరికి సోకడం అత్యంత అరుదు. అందుచేత ఒక ఊరిలో పలువురికి ఈ వ్యాధి వచ్చినపుడు దాని మూలాన్ని ఆ ఊరి నీటిలోను, మట్టిలోను వెదకవలసి ఉంటుంది. ఈ వెదుకులాటకు బాక్టీరియా యొక్క జన్యు పరీక్ష ముఖ్యమైన సాధనం.

2016లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ వ్యాధి సోకుతుండగా, 89,000 మంది మరణిస్తున్నారు. రోగులలో దాదాపు 44 శాతం దక్షిణాసియాకు చెందినవారే.

చరిత్ర

ఈ వ్యాధిని మొదట గుర్తించినది రంగూన్ నగరంలో. 1911లో ఆల్ఫ్రెడ్ విట్మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే వైద్యులు శవపరీక్షలలో ఊపిరితిత్తులలోను, ఇతర అవయవాలలోను చీముగడ్డలను గమనించి, వాటి నుండి కొత్త బాక్టీరియాను వేరుచేసి, 1912లో ఆ వివరాలను ప్రచురించారు. 1921లో స్టాంటన్, ఫ్లెచర్ అనే శాస్త్రజ్ఞులు దీనికి మెలియోయిడోసిస్ అని పేరు పెట్టారు. భారతదేశంలో 1990ల నుండి ఈ వ్యాధి నమోదవుతూ ఉంది. కర్ణాటక తీరంలోని ఉడుపి, మణిపాల్ ప్రాంతం నుండి, తమిళనాడులోని వెల్లూరు నుండి ఎక్కువ నివేదికలు వచ్చాయి.

వ్యాపించే విధానం

బురదలో పనిచేసేటప్పుడు చర్మంపై గాయాల ద్వారా, కలుషితమైన నీటిని త్రాగడం ద్వారా, గాలివానల సమయంలో నీటి తుంపరలను పీల్చడం ద్వారా బాక్టీరియా శరీరంలో ప్రవేశిస్తుంది. వర్షాకాలంలో రోగుల సంఖ్య పెరుగుతుంది. మధుమేహం ఉన్నవారికి ప్రమాదం అన్నింటికంటె ఎక్కువ. మూత్రపిండాల వ్యాధి, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారికి, అతిగా మద్యం సేవించేవారికి కూడా ప్రమాదం ఎక్కువే.

వ్యాధి లక్షణాలు సాధారణంగా 1 నుండి 21 రోజులలో బయటపడతాయి. అయితే బాక్టీరియా శరీరంలో ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి, తరువాత విజృంభించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

బాక్టీరియా పరిణామం

ఈ బాక్టీరియా జన్యుపదార్థం రెండు క్రోమోజోములలో ఉంటుంది. థాయిలాండ్‌లోని ఒక రోగి నుండి సేకరించిన రకం యొక్క పూర్తి జన్యుక్రమాన్ని 2004లో ప్రచురించారు. అందులో పెద్ద క్రోమోజోములో సుమారు 40.7 లక్షలు, చిన్నదానిలో 31.7 లక్షల డి.ఎన్.ఏ. అక్షరాలు ఉన్నట్లు తేలింది. పెద్ద క్రోమోజోములో ఎదుగుదలకు, జీవక్రియకు కావలసిన జన్యువులు ఎక్కువగాను, చిన్నదానిలో వేరువేరు పరిసరాలలో బ్రతకడానికి తోడ్పడే జన్యువులు ఎక్కువగాను ఉన్నాయి. ఇతర బాక్టీరియాల నుండి చేరిన జన్యు ఖండాలు కూడా ఇందులో ఉన్నాయి.

నేలలో అమీబా వంటి ఏకకణ జీవులు బాక్టీరియాను మింగివేస్తాయి. వాటి లోపల కూడా చావకుండా ఉండగలిగే శక్తి ఈ బాక్టీరియాకు ఉంది. మనిషి రక్షక కణాలలో బ్రతకడానికి ఉపయోగపడేది ఈ శక్తే అని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అంటే ఇది మనిషి కోసం రూపొందిన రోగకారకం కాదు. మట్టిలో బ్రతుకుతూ, దారితప్పి మనిషిలోకి వచ్చేది. దీని నుండే పుట్టిన బర్ఖోల్డేరియా మాలై అనే జాతి, నేలను విడిచి గుర్రాల శరీరానికే పరిమితమై, అనేక జన్యువులను కోల్పోయింది. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ వ్యాధికి కారణం అదే.

ముప్పై దేశాలకు చెందిన 469 నమూనాల జన్యుక్రమాలను పోల్చిన అధ్యయనం 2017లో వెలువడింది. దాని ప్రకారం ఈ బాక్టీరియాకు ఆస్ట్రేలియా తొలి నిలయం. అక్కడి నుండి ఆగ్నేయాసియాకు, తరువాత ఇతర ప్రాంతాలకు వ్యాపించింది. ఆఫ్రికా నుండి అమెరికా ఖండాలకు అది చేరిన కాలం బానిసల వ్యాపారం సాగిన కాలంతో సరిపోలుతున్నది.

జన్యు అన్వేషణ

2003 నుండి వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఏడు జన్యువుల క్రమాన్ని చదివి, ప్రతి రకానికి ఒక సంఖ్య ఇస్తారు. కాని ఈ బాక్టీరియాలు తమలో తాము జన్యు ఖండాలను తరచుగా మార్చుకుంటాయి. అందువలన రెండు దూర దేశాల నమూనాలకు యాదృచ్ఛికంగా ఒకే సంఖ్య రావచ్చును. పూర్తి జన్యుక్రమాన్ని చదివితే ఈ పొరపాటు తొలగిపోతుంది.

1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక మారుమూల ఊరిలో వ్యాధి ప్రబలినపుడు, రోగుల నుండి, ఊరి మంచినీటి సరఫరా నుండి తీసిన బాక్టీరియాలను డి.ఎన్.ఏ. పరీక్షతో పోల్చి, నీటి సరఫరాయే మూలమని గుర్తించారు. 2021లో అమెరికాలోని నాలుగు రాష్ట్రాలలో నలుగురికి ఈ వ్యాధి సోకగా ఇద్దరు మరణించారు. వారెవరూ విదేశాలకు వెళ్ళినవారు కారు. బాక్టీరియా జన్యుక్రమం మాత్రం దక్షిణాసియా రకాలను పోలి ఉన్నది. చివరకు ఒక రోగి ఇంటిలో దొరికిన, భారతదేశంలో తయారైన సుగంధ ద్రవపు సీసాలో అదే బాక్టీరియా కనిపించింది.

ఆంధ్రప్రదేశ్‌లో

2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెం గ్రామంలో కొద్ది నెలల వ్యవధిలో పలువురు మరణించగా, మెలియోయిడోసిస్ కారణమై ఉండవచ్చునని వైద్యులు అనుమానించారు. సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం వైద్య బృందాలను పంపి, గ్రామస్తుల రక్త నమూనాలతో పాటు నీటి, మట్టి నమూనాలను పరీక్షలకు సేకరించింది.

పశ్చిమ ప్రకాశంగా పేరుపడిన మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి ప్రాంతం మెట్టభూమి. ఆ కారణం చేత ఇక్కడ ఈ వ్యాధి గురించి ఆలోచించనవసరం లేదనుకోవడం సరికాదు. గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువు క్రింద వరి మడులు ఉన్నాయి. పలకలకు పేరుపొందిన మార్కాపురం పరిసరాలలో రాతిగనులు ఉన్నాయి. వరి మడుల బురద ఇతర ప్రాంతాలలో ఈ బాక్టీరియాకు తెలిసిన నివాసం. అంతేకాక కనిగిరి పరిసరాలలో ఫ్లోరైడు నీరు, మూత్రపిండాల వ్యాధి చాలాకాలంగా ఉన్న సమస్యలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మెలియోయిడోసిస్ ముప్పు ఎక్కువ గనుక, వానాకాలంలో వచ్చే తీవ్రమైన న్యుమోనియా విషయంలో ఈ ప్రాంతపు వైద్యులు దీనిని కూడా దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది.

నిర్ధారణ

రక్తం, కఫం, చీము, మూత్రం నమూనాలలో బాక్టీరియాను కల్చర్ పద్ధతిలో పెంచి వ్యాధిని నిర్ధారిస్తారు. ఎక్స్-రేలో ఇది క్షయవలె కనిపించవచ్చును. ప్రయోగశాలలో దీనిని సూడోమోనాస్‌గా పొరబడడం కూడా ఉన్నది. కల్చర్ చేయకుండానే మందులు వాడినా, పెరిగిన బాక్టీరియాను భద్రపరచకుండా పారవేసినా, తరువాత జన్యు పరీక్షకు ఆధారం మిగలదు. అప్పుడు నీటిలో దొరికిన బాక్టీరియాను దేనితోను పోల్చడం సాధ్యం కాదు.

చికిత్స

పెనిసిలిన్, జెంటామైసిన్ వంటి సాధారణ మందులు ఈ బాక్టీరియాపై పనిచేయవు. మొదట కనీసం 10 నుండి 14 రోజులు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్‌ను సిర ద్వారా ఇస్తారు. వ్యాధి తిరగబెట్టకుండా తరువాత కనీసం మూడు నెలలు కో-ట్రైమోక్సజోల్ మాత్రలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానివేయడం ప్రమాదకరం.

నివారణ

మనుషుల కొరకు ఆమోదం పొందిన టీకా లేదు. త్రాగునీటిని మరిగించడం, సరఫరా నీటిలో క్లోరిన్ సరియైన మోతాదులో కలపడం, బురదలో దిగేటప్పుడు బూట్లు ధరించడం, గాయాలను కప్పి ఉంచడం ముఖ్యమైన జాగ్రత్తలు. మధుమేహ రోగులు ఈ జాగ్రత్తలను తప్పక పాటించాలి.

ఇవి కూడా చూడండి

న్యుమోనియా
క్షయ
మధుమేహం
గుండ్లకమ్మ
కంభం చెరువు