పత్తి డబ్బు కట్టిన గడియారం

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి 2025 జులై 9తో 150 ఏళ్లు నిండాయి. ఇలాంటి సందర్భాల్లో సెన్సెక్స్ గీతలు గీసి సరిపెట్టడం మా పత్రికలవాళ్లకు అలవాటు. నాకు ఆ గీతల కన్నా అవి పుట్టిన వీధులంటేనే మక్కువ. అందుకే ఓ మధ్యాహ్నం ఫోర్ట్ ప్రాంతంలో హార్నిమన్ సర్కిల్ నుంచి ఓవల్ మైదానం దాకా ఒంటరిగా నడిచాను. ఆగకుండా నడిస్తే అరగంట కూడా పట్టని దూరం. డబ్బావాలాలు, ఆఫీసు ప్యూన్లు అలాగే నడుస్తారు. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం పూట గడిచిపోతుంది.

పాత శతాబ్దాల సంగతి గబగబా చెప్పేస్తాను. కోలీ జాలర్లుండే ఏడు దీవులు. వాటిని పోర్చుగీసువాళ్లు 1661లో తమ రాకుమారికి కట్నంగా రాసి ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కి ఇచ్చారు. అత్తవారిచ్చిన పొలాన్ని గట్టెక్కి చూడకుండానే కౌలుకిచ్చే అల్లుడిలా, ఆయన 1668లో ఏడాదికి 10 పౌన్లకు వాటిని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కంపెనీ కోట కట్టింది, చుట్టూ గోడ లేపింది, మూడు ద్వారాలు పెట్టింది. 1860లలో గవర్నర్ బార్టల్ ఫ్రియర్ ఆ గోడలు కూల్పించాడు. చర్చిగేట్‌లో ఇప్పుడు రైల్వే స్టేషనుంది, గేటు లేదు. రెండు వందల ఏళ్లు అయిపోయాయి.

అసలు కథ హార్నిమన్ సర్కిల్ దగ్గర మొదలవుతుంది. 1833లో తెరిచిన టౌన్‌హాల్ ఎదుట, ఇప్పుడు ఇనుప కంచె మధ్య చెట్లున్నచోట, ఒకప్పుడు పెద్ద బయలు. ఓడల కోసం ఎదురుచూసే పత్తి బేళ్లు అక్కడే గుట్టలుగా పడి ఉండేవి. 1844లో పత్తి బజారును కొలాబాకి తరలించారు. 1850లలో టౌన్‌హాల్ ఎదుటి చెట్ల కింద వాటాల దలాళ్లు చేరడం మొదలైంది. స్టాక్ ఎక్స్ఛేంజికి మూలపురుషులు వీళ్లే.

1861లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చింది. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధించాయి. పత్తి అందక లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. ఇంగ్లండు చూపు మన దేశం మీద పడింది. బీరారు, గుజరాత్, ఖాందేశ్ పత్తి అంతా బొంబాయికి తోలారు. గుంటూరు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కి ఆ పట్నానికి దశ తిప్పింది కూడా ఈ యుద్ధమే. బొంబాయిలో కోట్ల పౌన్లు వచ్చిపడ్డాయి.

అంత డబ్బుకి ఏదో ఒక పని కల్పించాలి కదా! బ్యాంకులు పుట్టాయి, ఫైనాన్స్ కంపెనీలు పుట్టాయి, సముద్రాన్ని పూడ్చి స్థలాలు అమ్ముతామనే కంపెనీలూ పుట్టాయి. బ్యాక్ బే పూడికల కంపెనీలో 5 వేలు కట్టిన వాటా ఒక దశలో 50 వేల దాకా పలికింది. పూడ్చాల్సిన సముద్రం మాత్రం అలలు కొడుతూనే ఉంది. 1860లో 60 మందికి మించని దలాళ్లు రెండు మూడేళ్లలో 200 దాటారు.

ఈ తిరునాళ్లకు పెద్ద ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. సూరత్‌లో పుట్టిన జైనుడు, ఇంగ్లిషు వచ్చిన దలాలి. అప్పటికి ముప్పై అయిదేళ్లు కూడా లేవు. ఆయన వాటాలిప్పిస్తే లక్ష్మీదేవి ఇంటికి నడిచొచ్చినట్టే. సర్కారు అండ ఉన్న బ్యాంక్ ఆఫ్ బాంబే సైతం తగిన హామీ లేకుండానే ఆయన మనుషులకు అప్పులిచ్చింది. ఆయన తప్పు చిన్నది కాదు. అయినా నాకు ఆయన మీద కోపం రాదు.

1865 ఏప్రిల్‌లో అమెరికా దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. కబురు చేరేసరికి బొంబాయిలో పత్తి ధర జారిపోయింది. జులై 1 వాయిదా మీద కుదుర్చుకున్న బేరాలు వేలకొద్దీ ఉన్నాయి. ఆ రోజున డబ్బు చెల్లించగలిగినవాడు అరుదు. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే వాటా చివరికి 87కి దిగింది. 1868లో ఆ బ్యాంకే మూతపడింది. ప్రేమ్‌చంద్ దివాలా తీశాడు.

కానీ మునగకముందే, 1864లో, ఆయన బొంబాయి యూనివర్సిటీకి లైబ్రరీ కోసం 2 లక్షలు, గడియార స్తంభం కోసం మరో 2 లక్షలు ఇచ్చి ఉన్నాడు. షరతు ఒకటే: స్తంభానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టాలి. నమూనా గీసిన గిల్బర్ట్ స్కాట్ బొంబాయి ముఖం చూడనేలేదు. 1878కి 280 అడుగుల స్తంభం లేచింది. చూపులేని ఆ తల్లి చీకటిపడకముందే భోంచేయాలి కనుక గంట వినడానికే కట్టించాడని గైడ్లు చెబుతారు. నాకూ నమ్మాలనే ఉంది. ఆ రోజుల్లో ఈ నగరపు కట్టడాలకు రాళ్లు మోసినవాళ్లలో నైజాం ఇలాకా నుంచి వచ్చిన మన కామాటీలున్నారు. కామాటిపుర వాళ్ల పేరే.

వాటాలు పోయినా దలాళ్లు పోలేదు. చెట్టు కింద నుంచి చెట్టు కిందకి తరిమించుకుని 1874లో ఒక సందులో కుదురుకున్నారు. అదే దలాల్ స్ట్రీట్. మరుసటి ఏడాది రూపాయి ప్రవేశ రుసుముతో సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి స్టాక్ ఎక్స్ఛేంజి.

ఇక్కడి నుంచి కథ చేతికి చిక్కదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు ఈ ఊళ్లోనే అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో ఆంధ్రపత్రిక కూడా ఇక్కడే పుట్టింది. 1920లలో సర్కారు మళ్లీ బ్యాక్ బే పూడ్చబోయి పరువు పోగొట్టుకుంది. ఆ కుంభకోణాన్ని బయటపెట్టిన కె.ఎఫ్. నారిమన్ పేరునే తర్వాత పూడ్చిన నేలకు పెట్టి నారిమన్ పాయింట్ అన్నారు! 1980లో దలాల్ స్ట్రీట్‌లో 29 అంతస్తుల భవనం లేచింది. 1992లో వాటాల దలాలి హర్షద్ మెహతా కుంభకోణం. 1993 మార్చి 12న వరుస పేలుళ్లలో మొదటిది ఆ భవనం అడుగునే. 1995లో కంప్యూటర్లొచ్చి కేకల బేరాలు ఆగాయి. పోటీ ఎక్స్ఛేంజి బాంద్రా-కుర్లా వైపు వెళ్లింది. ఇప్పుడు వ్యాపారం ఫోన్లో. 2024లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది: మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. పనిదినాన వెళ్లండి, ఆదివారం ఈ వీధులు బోసిపోతాయి. రాజాబాయి టవర్‌ని ఓవల్ మైదానం వైపు నుంచి చూడండి. పడమటి ఎండ నేరుగా దాని మీద పడేది మధ్యాహ్నం తర్వాతే.