పబ్బు బల్ల మీద ఆఫీసు పని

పబ్బులు, రెస్టారెంట్లు పగటిపూట తమ బల్లలను ఆఫీసు పనికి అద్దెకివ్వడం ఇంగ్లండ్‌లో 2020 వేసవి చివర్లో ఊపందుకుంది. కోవిడ్ ఆంక్షల వల్ల ఆఫీసులు మూతపడి, ఇళ్లు ఇరుకైపోయి, పబ్బులు గిరాకీ లేక వెలవెలబోతున్న రోజులవి. లాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాళ్లకు ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింట్, వైఫై, అడిగినన్నిసార్లు కాఫీ ఇచ్చి రోజుకింత అని పుచ్చుకునే పద్ధతి అప్పుడు కుదురుకుంది. అదే ఏడాది అక్టోబరులో చట్టంలోని ఒక మినహాయింపు పుణ్యమా అని ఆఫీసు మీటింగులు కూడా అక్కడికే చేరాయి. చాలామంది దీన్ని కొత్త వింతగా చూశారు. కానీ తాగే చోట కూర్చుని వ్యాపారం చేయడం లండన్‌కు మూడున్నర శతాబ్దాలకు పైబడిన అలవాటు. ప్రత్యేకంగా ఆఫీసు కట్టుకుని, అందులోనే పని చేయాలనే నియమమే ఆ ఊళ్లో తర్వాత వచ్చింది.

లండన్‌లో మొదటి కాఫీ హౌస్ 1652లో కార్న్‌హిల్ పక్కన సెయింట్ మైకేల్స్ సందులో తెరుచుకుంది. తూర్పు మధ్యధరా దేశాలతో వ్యాపారం చేసే ఒక వర్తకుడి దగ్గర పనిచేసిన పాస్కా రోజీ దాన్ని నడిపాడు. వర్తకులు కలుసుకునే రాయల్ ఎక్స్చేంజి అక్కడికి కూతవేటు దూరం. అప్పటిదాకా బేరాలు ఎక్కువగా మద్యం అమ్మే టావెర్న్‌లలో సాగేవి. అక్కడ మధ్యాహ్నానికే లెక్కలు తప్పే ప్రమాదం ఉండేది. కాఫీ తాగితే అలాంటి ఇబ్బంది లేదు. ఒక పెన్నీ ఇచ్చి లోపలికి వెళ్తే కాఫీ, పత్రికలు, పొయ్యి వెచ్చదనం, పదిమంది కబుర్లు అన్నీ దొరికేవి. ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారు కారు. పాస్కా రోజీ దుకాణం ఉన్న చోట ఇప్పుడు జమైకా వైన్ హౌస్ అనే పబ్బు నడుస్తోంది.

ప్రభుత్వం ఇలాంటి చోట్లకు తాళం వేయాలనుకోవడం కూడా 2020తో మొదలైన సంగతి కాదు. జనం అక్కడ చేరి తన పాలన మీద లేనిపోని మాటలు పుట్టిస్తున్నారని రెండో చార్లెస్ రాజు 1675 డిసెంబరు 29న కాఫీ హౌసులన్నీ మూసేయాలని ప్రకటన ఇచ్చాడు. అది జనవరి 10 నుంచి అమలు కావాలి. గగ్గోలు పుట్టడంతో ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకున్నాడు.

కాఫీ హౌసుల్లో అన్నిటికన్నా పేరు తెచ్చుకున్నది ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్. 1680లలో టవర్ స్ట్రీట్‌లో మొదలై, 1691లో లొంబార్డ్ స్ట్రీట్‌కు మారింది. ఓడల యజమానులు, కెప్టెన్లు, సముద్రంలో మునిగే సరుకు నష్టాన్ని తాము భరిస్తామని పూచీపడే షావుకార్లు అక్కడ చేరేవారు. లాయిడ్ వాళ్లకు కాగితం, సిరా, ఓడల రాకపోకల కబుర్లు సమకూర్చాడు. పాత ఓడల వేలంపాటలు కూడా అక్కడే జరిగేవి. బల్ల మీద చిన్న కొవ్వొత్తి ముక్క వెలిగించి పాట మొదలుపెట్టేవారు. వత్తి ఆరిపోయే క్షణానికి ఎవరి పాట చివరిదైతే ఓడ వాళ్లదే. ఆరబోయే వత్తి మీదే అందరి చూపూ నిలిచే ఆ గదిలో కాఫీ అందించే వెయిటర్లే వార్తలు చదివి వినిపించేవారు. ఆ సంస్థ 1774లో రాయల్ ఎక్స్చేంజి భవనంలోకి వెళ్లిపోయి, నేటి లాయిడ్స్ ఆఫ్ లండన్ బీమా విపణి అయింది. అందులో యూనిఫారం వేసుకున్న సిబ్బందిని ఇప్పటికీ వెయిటర్లనే పిలుస్తారు.

షేర్ల వ్యాపారం కథ కూడా ఇలాంటిదే. ఎక్స్చేంజ్ ఆలీ అనే సందులోని జొనాథన్స్ కాఫీ హౌస్‌లో కూర్చుని జాన్ కాస్టెయింగ్ అనే దళారీ 1698 నుంచి షేర్లు, సరుకుల ధరల పట్టీ వేసి అమ్మాడు. 1773లో దళారీలు సొంత భవనం కట్టుకుని కింది అంతస్తులో లావాదేవీల గది, పైన కాఫీ గది పెట్టారు. రోజుకు ఆరు పెన్నీలు కట్టినవారెవరైనా లోపలికి వెళ్లవచ్చు. అదే లండన్ స్టాక్ ఎక్స్చేంజికి పునాది. బల్లకు రోజు లెక్కన డబ్బు వసూలు చేసే ఈనాటి పబ్బు యజమానులకు ఈ ఆరు పెన్నీల సంగతి తెలుసో లేదో! ఈస్టిండియా వ్యాపారం చేసేవాళ్లకు కార్న్‌హిల్‌లో జెరూసలేం కాఫీ హౌస్ ఉండేది. 1611లో మచిలీపట్నంలో కొఠీ పెట్టినప్పటి నుంచి కోరమాండల్ తీరపు అద్దకాలతో లాభాలు చూసిన వ్యాపారం అది. తూర్పు నుంచి ఏ ఓడ వస్తోంది, అందులో ఏముంది అన్న కబురు పద్దెనిమిదో శతాబ్దిలో ఆ బల్లల దగ్గర ముందుగా తెలిసేది.

కాఫీ హౌసులు షావుకార్లవైతే, పబ్బులు కూలీనాలీ జనానివి. అక్కడా పనికి సంబంధించిన వ్యవహారాలే నడిచేవి. దర్జీలు, టోపీలు చేసేవాళ్లు వంటి చేతివృత్తులవారికి ఫలానా పబ్బు అని ఉండేది. పనివాళ్లు కావాలన్న యజమాని అక్కడికే కబురు పంపేవాడు. పరస్పర సహాయ సంఘాలు, తొలి కార్మిక సంఘాలు నెలనెలా సమావేశమైనది పబ్బు మేడ మీది గదుల్లోనే. అనుమానాస్పద మరణాల మీద పంచనామా విచారణలు కూడా అక్కడే జరిగేవి. చార్లెస్ డికెన్స్ తన 'బ్లీక్ హౌస్' నవలలో అలాంటి విచారణనొకదాన్ని పబ్బులోనే పెట్టాడు. వారం కూలి డబ్బు కూడా పబ్బులోనే పంచేవారు. ఆ డబ్బు ఇల్లు చేరకముందే కౌంటర్ దాటి పబ్బు యజమాని పెట్టెలో పడేది. అందుకే గనుల కూలీల విషయంలో 1842లోను, మిగతా కూలీల విషయంలో 1883లోను పబ్బుల్లో కూలి చెల్లించడాన్ని పార్లమెంటు నిషేధించింది. వేరే చోటు దొరికే పక్షంలో పంచనామాలు అక్కడ చేయకూడదని 1902 చట్టం చెప్పింది. ఇలా ఒక్కొక్క చట్టంతో పని ఒక దారి, తాగుడు ఒక దారి అయ్యాయి. మరోవైపు బ్యాంకులు, బీమా కంపెనీలు, రైల్వేలు వందల మంది గుమాస్తాలను ఒకే కప్పు కింద కూర్చోబెట్టడం మొదలుపెట్టాయి. ఇరవయ్యో శతాబ్దిలో పబ్బుకు మిగిలింది మధ్యాహ్న భోజనం పేరిట జరిగే బేరసారాలే.

వైఫై, లాప్‌టాప్ వచ్చాక పని మళ్లీ కాఫీ బల్ల మీదికి వచ్చింది. బెర్లిన్‌లో 2005లో మొదలైన సాంక్ట్ ఓబర్‌హోల్ట్జ్ కేఫ్ లాప్‌టాప్ జనానికి అడ్డా అయింది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ నలుగురూ ఒకచోట కూర్చుని ఎవరి పని వారు చేసుకునే స్థలాన్ని ప్రారంభించాడు. కోవర్కింగ్ అని ఇప్పుడు ఊరూరా వినపడే వ్యాపారానికి అది నాంది. భారత్‌లో 2014లో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో తెరిచిన 'సోషల్' పగలు పని చేసుకునే చోటు, రాత్రి బార్ అనే పద్ధతిలో నడిచింది. దాని శాఖలు తర్వాత హైదరాబాద్‌తో సహా ఇతర నగరాలకూ వచ్చాయి. న్యూయార్క్‌లో 2016లో మొదలైన స్పేషస్ అనే కంపెనీ సాయంత్రం మాత్రమే తెరిచే ఖరీదైన రెస్టారెంట్లను పగటిపూట అద్దెకు తీసుకుని సభ్యులకు ఇచ్చింది. 2019లో వీవర్క్ దాన్ని కొని, ఆ ఏడాది చివరికే మూసేసింది. సరిగ్గా ఆ సేవ అవసరమయ్యే రోజులు ఇంకో మూడు నెలల్లో రాబోతున్నాయని అప్పుడు ఎవరికీ తెలియదు.

బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ 2020 మార్చి 16న పబ్బులకు వెళ్లవద్దని జనానికి చెప్పారు. మార్చి 20 రాత్రి నుంచి వాటిని మూసేయించారు. ఇంగ్లండ్‌లో అవి మళ్లీ తెరుచుకున్నది జూలై 4న. బల్లలు దూరంగా జరిపారు, వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసుకుని 21 రోజులు దాచమన్నారు. జూలై 15 నుంచి హోటల్ తిండి, మద్యం కాని పానీయాల మీద వ్యాట్ 20 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆగస్టు నెలంతా సోమ, మంగళ, బుధవారాల్లో తినేవాళ్ల బిల్లులో మనిషికి 10 పౌండ్లు మించకుండా సగం ప్రభుత్వమే కట్టింది. ఆగస్టు 31తో ఆ పథకం అయిపోయింది. మళ్లీ వారం మధ్యలో బల్లలు ఖాళీ.

పని బల్లల ప్యాకేజీలు ఆ ఖాళీని పూడ్చడానికి వచ్చినవే. పబ్బుకు అద్దె, కరెంటు, జీతాలు గిరాకీ ఉన్నా లేకపోయినా తప్పవు. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా వంటగది ఎలాగూ వేడిగానే ఉంటుంది. ఆ వేళలో ఒక బల్ల దగ్గర మనిషి కూర్చుంటే ఏ కొంచెమైనా మిగులే. స్కాట్లండ్ బీరు కంపెనీ బ్రూడాగ్ తన బార్లలో డెస్క్‌డాగ్ పేరుతో రోజుకు 7 పౌండ్లకు బల్ల ఇచ్చింది. అందులో ఎన్నిసార్లైనా కాఫీ, దానితోపాటు ఒక పైంటు బీరు కలిసే ఉన్నాయి. మరికొన్ని పబ్బులు శాండ్‌విచ్ భోజనం కలిపి ధర కట్టాయి. మేడ మీద పెళ్లి విందులకు వాడే గదులు చిన్న కంపెనీల సమావేశాలకు పనికొచ్చాయి. సెప్టెంబరు 24 నుంచి వచ్చిన కొత్త ఆంక్షలు పబ్బుల్ని రాత్రి 10కే మూయించాయి. కౌంటర్ దగ్గర నిలబడే పని లేకుండా కూర్చున్న చోటికే తెచ్చివ్వాలన్నాయి. సాయంత్రం వ్యాపారానికి దెబ్బ కొట్టిన ఈ నిబంధన పగలు పని చేసుకునేవాళ్లకు మాత్రం సుఖంగానే ఉంది. లేవకుండానే కాఫీ వస్తుంది, చార్జర్‌కు కాపలా ఉండక్కర్లేదు. ఇంటి నుంచే పని చేయండన్న పిలుపు కూడా ఆ వారమే మళ్లీ వచ్చింది. ఇల్లంటే లండన్‌లో చాలామంది కుర్రాళ్లకు నలుగురు పంచుకునే ఫ్లాట్‌లో ఒక పడకగది. పబ్బు బల్ల వాళ్లకు విలాసం కాదు.

అక్టోబరు 14న ఇంగ్లండ్‌ను కోవిడ్ తీవ్రతను బట్టి మూడు శ్రేణులుగా విడదీశారు. 17న లండన్ రెండో శ్రేణిలోకి వెళ్లింది. ఇక నాలుగు గోడల మధ్య వేరే ఇంటివాళ్లతో కలిసి కూర్చోకూడదు. అయితే పనికి సహేతుకంగా అవసరమైన కలయికకు ఆ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఫ్యాక్టరీలు, నిర్మాణాలు ఆగకుండా ఉండాలంటే అలాంటి మినహాయింపు లేకుండా కుదరదు. కానీ అది రెస్టారెంట్ బల్లకూ వర్తిస్తుందని పత్రికలు బయటపెట్టాయి. అన్నాచెల్లెళ్లు వేరు కాపురాలుంటే కలిసి లోపల భోంచేయకూడదు. అదే బల్ల మీద ఇద్దరు ఆఫీసువాళ్లు ఒప్పందం మాట్లాడుకుంటూ భోంచేయవచ్చు. గిరాకీ పడిపోయిన నగర మధ్యలోని రెస్టారెంట్లకు ఇది ప్రాణం పోసినట్టయింది. ఇంటి నుంచి చేయగలిగిన పని ఇంటి నుంచే చేయాలని ప్రభుత్వం మళ్లీ మళ్లీ చెప్పింది గానీ, మినహాయింపు మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

చిక్కంతా దాన్ని తేల్చాల్సిన మనిషి దగ్గర వచ్చింది. నలుగురు వచ్చి మీటింగ్ అంటే నిజమో కాదో పోలీసు చూడడు, బల్ల చూపించే వెయిటర్ చూడాలి. లాప్‌టాప్ తెరిచి పెట్టారా? రెండో వైన్ సీసా వచ్చాక కూడా పని మాటలేనా? నిబంధన అమలు చేయకపోతే జరిమానా పబ్బుకు పడుతుంది, అదీ 10,000 పౌండ్ల దాకా. వచ్చిన గిరాకీని ప్రశ్నించి పంపే స్థితిలో ఎవరూ లేరు. చట్టం రాసినవాళ్లు సరిహద్దు గీయకుండా, గీసే పనిని బల్ల తుడిచేవాడి మీదికి నెట్టారనడం అన్యాయం కాదు.

ఆ ఏర్పాటు మూడు వారాలే సాగింది. నవంబరు 5 నుంచి నాలుగు వారాల లాక్‌డౌన్. డిసెంబరు 2న శ్రేణులు తిరిగి వచ్చినప్పుడు రెండో శ్రేణిలో సరైన భోజనంతో తప్ప మద్యం ఇవ్వకూడదన్నారు. ఉడికించిన గుడ్డుకు మాంసం పొదిగి వేయించే స్కాచ్ ఎగ్ భోజనం కింద వస్తుందా రాదా అని మంత్రులు వాదులాడుకున్నారు. మినహాయింపు ఉందని క్రిస్మస్ ఆఫీసు విందులు చేసుకోవద్దని, ప్రధానంగా సరదా కోసం జరిగేది పని కిందికి రాదని ప్రభుత్వం అప్పుడు స్పష్టంగా రాసింది. డిసెంబరు 16న లండన్ మూడో శ్రేణిలోకి వెళ్లడంతో లోపల కూర్చోవడమే ఆగింది. మళ్లీ లోపలి బల్లలు తెరిచింది 2021 మే 17న.

పని ఎక్కడ ఆగి విందు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న చివరికి ఆ నిబంధనలు పెట్టినవాళ్ల గుమ్మానికే వచ్చింది. పబ్బులన్నీ మూసి ఉన్న 2020 మే 20న ప్రధాని నివాసపు తోటలో సిబ్బంది మద్యంతో కలుసుకున్నారు. అది ఆఫీసు కార్యక్రమమనే అనుకున్నానని జాన్సన్ 2022 జనవరి 12న పార్లమెంటులో చెప్పారు. అక్కడా ఆ చుట్టుపక్కల ప్రభుత్వ కార్యాలయాల్లోనూ జరిగిన కార్యక్రమాలకు లండన్ పోలీసులు మొత్తం 126 జరిమానాలు వేశారు. వాటిలో ఒకటి, వేరే రోజు జరిగిన కార్యక్రమానికి సంబంధించి, జాన్సన్‌కే పడింది.

ఆంక్షలు పోయాక పని బల్లలు మాత్రం పోలేదు. 2022లో కరెంటు, గ్యాసు ధరలు మండిపోయినప్పుడు యంగ్స్, ఫుల్లర్స్ వంటి పబ్బు కంపెనీలు రోజుకు 10, 15 పౌండ్ల ప్యాకేజీలను మళ్లీ ముందుకు తెచ్చాయి. ఈసారి ఆకర్షణ వైఫై కాదు, గది వెచ్చదనం. పబ్బు ఆఫీసుకు పూర్తి బదులు కాలేదు. రహస్యంగా మాట్లాడాల్సిన ఫోన్లకు, రోజుకు ఎనిమిది గంటలు కూర్చోవాల్సిన నడుముకు ఆ చెక్క కుర్చీ పనికిరాదు. వారంలో ఒకటి రెండు రోజులు ఇంట్లోంచి బయటపడాలనుకునేవాళ్లకూ, మంగళవారం మధ్యాహ్నం పది బల్లలైనా నిండాలనుకునే యజమానికీ అది ఇప్పటికీ లాభసాటి బేరమే.