బందరు నోబుల్ పాఠశాల: తొలి తరం మిషనరీ విద్య, కుల సమస్య (1841–1865)

1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరు యువ మిషనరీలు ఇంగ్లండు నుంచి బయలుదేరి మచిలీపట్నం చేరారు. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు దాటాయి. రగ్బీ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోను చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్‌కు పాతికేళ్లయినా నిండలేదు. తెలుగు నేర్చుకున్నాక వారి దారులు వేరయ్యాయి. ఫాక్స్ వీధుల్లోను, పల్లెల్లోను సువార్త ప్రకటించే పని చేపట్టాడు. నోబుల్ 1843లో బందరులో ఆంగ్ల పాఠశాల తెరిచాడు.

ఫాక్స్ ఆరోగ్యం ఈ వాతావరణానికి తట్టుకోలేదు. 1848లో ఇంగ్లండులోనే మరణించాడు. ఆయన స్మారకంగా రగ్బీ పాఠశాలకు చెందినవారు నిధి సేకరించి, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషణకు 'రగ్బీ–ఫాక్స్' పేరుతో ఏర్పాటు చేశారు. ఒక ఆంగ్ల పాఠశాల సముద్రాల కవతల ఉన్న తెలుగు విద్యార్థుల బాధ్యతలో భాగం పంచుకోవడం ఆ కాలానికి అరుదైన విషయం. అయితే ఆ విద్యార్థులు ఎవరన్నదే ఇక్కడ విచారించవలసిన ప్రశ్న.

నోబుల్ లక్ష్యం సుస్పష్టం. సమాజంలో పైమెట్టున ఉన్న కుటుంబాల పిల్లలకు ఉన్నత విద్యతో పాటు బైబిలు బోధిస్తే, వారి ద్వారా క్రైస్తవం కింది వర్గాలకు ప్రవహిస్తుందని ఆయన భావించాడు. తల్లిదండ్రుల దృష్టి వేరు. కచేరీలలో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, అది నేర్పేది దొర గారి బడి. బైబిలు పాఠాన్ని వారు అందుకు చెల్లించే రుసుముగా సహించారు. ఈ రాజీ 1852లో బద్దలైంది. మంచాల రత్నం, ఐనాల భూషణం అనే విద్యార్థులు బాప్తిస్మం పొందడంతో బంధువుల ఆగ్రహం నోబుల్ ఇంటిమీదికి మళ్లింది, తరగతి గదులు ఖాళీ అయ్యాయి. కాలక్రమంలో పిల్లలు తిరిగి వచ్చారు. ఇంగ్లీషు అవసరం మతభయాన్ని మించినదని దీనివల్ల తెలుస్తుంది. ఆ యువకులిద్దరూ తరువాత క్రైస్తవ గురువులయ్యారు.

ఇంతకంటె లోతైన చిక్కు ప్రవేశద్వారం దగ్గరే ఉంది. మాల, మాదిగ, పాకీపని వర్గాల పిల్లలకు ఆ పాఠశాలలో చోటు లేదు. దీనిపై విమర్శ వచ్చినప్పుడు నోబుల్ దాటవేయలేదు, వాదించాడు. ఆ వర్గాలవారు ఉన్నచోటికి రాని పిల్లలను రప్పించడానికే ఈ బడి పెట్టామని, అన్ని అంతస్తులవారికీ ఒకే గదిలో చదువు చెప్పాలని క్రైస్తవం నిర్బంధించదని ఆయన సమాధానం. ఇంగ్లండులో ఎంత భక్తిగల తల్లిదండ్రులైనా తమ బిడ్డలను వంటవాళ్లతోను, ఇంటి నౌకర్లతోను కలిపి చదివించరని ఉపమానం చెప్పాడు. ఈ ఉపమానం గమనింపదగినది. ఆంగ్ల సమాజపు వర్గభేదంతో ఆయన తెలుగుదేశపు కులాన్ని అర్థం చేసుకున్నాడు. నౌకరు వృత్తి మారవచ్చు. అంటరానితనం పుట్టుకతో వచ్చి వెంటాడుతుంది. ఈ తేడా ఆయనకు కనబడలేదనడం కష్టం. కనబడినా పాఠశాల మనుగడ ముఖ్యమనుకున్నాడనడమే న్యాయం.

మతప్రవాహం మాత్రం ఆయన ఊహించిన దిక్కున సాగలేదు. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద అదే సొసైటీకి చెందిన డార్లింగ్ వద్ద బాప్తిస్మం పొందాడు. ఆయన ఏ ఆంగ్ల తరగతిలోనూ కూర్చున్నవాడు కాదు. విగ్రహారాధన పట్ల అసంతృప్తితో తానే వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ప్రభావంతో కృష్ణా మండలపు మాలపల్లెల్లో క్రైస్తవం విస్తరించింది. ఎవరిని ద్వారం దగ్గర ఆపారో వారే సంఘానికి పునాది అయ్యారు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తింది. మృతులు సుమారు 30,000 మంది. మిషనరీ షార్కీ భార్య నడుపుతున్న బాలికల వసతి పాఠశాలలోని పిల్లలు కూడా అందులో కొట్టుకుపోయారు. బాలికల చదువును గురించి అప్పటికి పట్టణంలో ఆలోచించినవారే తక్కువ. ఆ చిన్న ప్రయత్నానికి తగిలిన దెబ్బ నోబుల్ పాఠశాల చరిత్ర నీడలో మరుగున పడింది. నోబుల్ మరుసటి ఏడాది అక్టోబరులో బందరులోనే కన్నుమూశాడు. వచ్చిన ఇరవై నాలుగేళ్లలో ఆయన ఒక్కసారైనా స్వదేశం వెళ్లలేదు, వివాహం చేసుకోలేదు. కులం విషయంలో ఆయన చేసిన రాజీని విమర్శించేవారు ఈ త్యాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాఠశాల తరువాత కళాశాలగా ఎదిగింది. అక్కడ చదివిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య 1910లో అదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు పూనుకున్నారు. వీరికి నోబుల్ కళాశాలలో గురువు రఘుపతి వేంకటరత్నం నాయుడు. ఆయన బందరులో పుట్టినవాడు, క్రైస్తవుడు కాడు, బ్రహ్మసమాజి. తరువాత కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉంటూ, పిఠాపురం మహారాజా అండతో నాటి 'పంచమ' విద్యార్థుల కోసం అక్కడ వసతి గృహం నడిపాడు.