పోలీసుల చేతికి పాట: డిగ్గా డీ, లండన్ డ్రిల్, తిరిగొచ్చిన ముందస్తు సెన్సారు

బ్రిటన్‌లో నాటకం ఆడాలంటే ముందుగా దాని ప్రతిని లార్డ్ ఛాంబర్లెన్ కార్యాలయానికి పంపి అనుమతి తెచ్చుకోవాలన్న నిబంధన 1737 నుంచి ఉండేది. 1968 నాటి థియేటర్ల చట్టం దాన్ని రద్దు చేసింది. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 2018లో, లండన్‌లోని ఒక కోర్టు ఐదుగురు కుర్రాళ్లకు కొన్ని ఆంక్షలు పెట్టింది. పాట గానీ వీడియో గానీ ఇంటర్నెట్‌లో పెడితే 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. ఎక్కడైనా కచేరీ ఉంటే తేదీ, స్థలం 48 గంటల ముందే తెలపాలి. చూడటానికి పోలీసులు వస్తే రానివ్వాలి. ఆ ఐదుగురిలో ఒకడు పద్దెనిమిదేళ్లు నిండీ నిండని ర్యాప్ గాయకుడు డిగ్గా డీ. పేరుకు ఇది నేర నియంత్రణ ఉత్తర్వు. పనితీరులో మాత్రం 1968లో పోయిందనుకున్న ముందస్తు సెన్సారేనని ఈ వ్యాసం వాదిస్తుంది.

డిగ్గా డీ పశ్చిమ లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ కుర్రాడు. అతని బృందం పేరు ‘1011’ అక్కడి డబ్ల్యూ10, డబ్ల్యూ11 పోస్ట్‌కోడ్‌ల నుంచి వచ్చింది. కోట్ల పౌండ్ల భవనాలూ పేదల ప్రభుత్వ గృహ సముదాయాలూ ఒకే వీధికి అటూ ఇటూ కనిపించే ప్రాంతమది. 2017 జూన్‌లో 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం జరిగిందీ అక్కడే. ఇలాంటి చోట పెరిగే పిల్లలకు పోస్ట్‌కోడ్ అంటే ఉత్తరాల చిరునామా ఒక్కటే కాదు. ఎవరు తనవాడో, ఎవరు శత్రువో అదే చెబుతుంది.

డిగ్గా డీ పాడే డ్రిల్ అనే ర్యాప్ శైలి 2010 తర్వాతి తొలి ఏళ్లలో షికాగో దక్షిణ భాగంలో పుట్టి, అక్కణ్నుంచి లండన్‌లోని బ్రిక్స్‌టన్‌కు చేరింది. లండన్ డ్రిల్ వినగానే గుర్తుపట్టవచ్చు. అడుగున బేస్ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ పోతుంది, దానిపైన తాళం ఆగి ఆగి, విరిగి విరిగి పడుతుంది, గొంతు దాదాపు భావరహితంగా ఉంటుంది. ప్రత్యర్థుల ప్రస్తావన వచ్చిన చోట పేరును మ్యూట్ చేస్తారు. అక్కడ తాళం మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఆ ఖాళీని వినేవాడే పూరించుకుంటాడు. చట్టానికి దొరక్కుండా చేసిన ఈ ఏర్పాటు క్రమంగా శైలిలో భాగమైపోయింది. సెన్సారు కళను ఆపలేకపోగా దానికి కొత్త అలంకారాన్ని ఇచ్చిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

హింస సంగతి దాటవేస్తే ఈ చర్చకు విలువ ఉండదు. 1011 బృందం సభ్యులు 2017 చివర్లో పెద్ద కత్తులతో, బేస్‌బాల్ బ్యాట్లతో పట్టుబడ్డారు. హింసాత్మక అల్లర్లకు కుట్ర పన్నినట్టు ఒప్పుకున్నారు. డిగ్గా డీకి ఏడాది నిర్బంధ శిక్ష పడింది. కొడుకులను కత్తిపోట్లకు పోగొట్టుకున్న తల్లులు లండన్‌లో ఎందరో ఉన్నారు. ప్రత్యర్థుల పాటల్లో తమ బిడ్డ చావుపై వెటకారం వినాల్సి వచ్చినవారి బాధను కళాస్వేచ్ఛ పేరుతో కొట్టిపారేయడం అన్యాయం. శిక్ష పడటంపై నాకు ఏ అభ్యంతరమూ లేదు. శిక్షకు తోడుగా వచ్చిన ఉత్తర్వు గురించే నా ప్రశ్న.

2014 నాటి సంఘవ్యతిరేక ప్రవర్తన చట్టం కింద కోర్టులు ఇచ్చే ఈ ఉత్తర్వును ‘క్రిమినల్ బిహేవియర్ ఆర్డర్’ అంటారు. దాన్ని ఉల్లంఘిస్తే అదే మరో నేరం, మళ్లీ జైలు. చట్టం ప్రకారం పోలీసులు పాటను ముందుగా ఆమోదించనక్కర్లేదు. కానీ పాటలోని మాట కూడా ఉల్లంఘన కిందికి రావచ్చు గనక, ఒక్క పదం తేడా వస్తే జైలుకెళ్లాల్సి వస్తుందని తెలిసిన గాయకుడు ఆ పదాన్ని స్టూడియోలోనే తీసేస్తాడు. 2020లో బీబీసీ త్రీ ప్రసారం చేసిన ‘డిఫెండింగ్ డిగ్గా డీ’ డాక్యుమెంటరీలో, అతని పాటల్లోని మాటలను పరిశీలించే న్యాయవాది ఒక ముఖ్యపాత్ర. పాటకు తొలి శ్రోత సంగీత దర్శకుడో స్నేహితుడో కావాల్సిన చోట లాయరు కూర్చున్నాక, ముందస్తు అనుమతి చట్టంలో ఉందా లేదా అన్నది సాంకేతిక వివరం మాత్రమే.

ఇది ఒక్కడి కథ కూడా కాదు. 2019 జనవరిలో స్కెంగ్‌డో, ఏఎం అనే డ్రిల్ గాయకుల జంటకు, నిషేధ ఉత్తర్వు ఉండగా ఒక పాట పాడినందుకు, తొమ్మిది నెలల శిక్ష పడింది. దాని అమలును నిలిపి ఉంచారు. ఇక వీడియోల తొలగింపు కోర్టు గడప తొక్కకుండానే జరుగుతుంది. మెటా సంస్థ పర్యవేక్షణ మండలి 2022లో వెల్లడించిన లెక్క ప్రకారం, 2021 జూన్ నుంచి ఏడాది కాలంలో మెట్రోపాలిటన్ పోలీసులు డ్రిల్‌కు సంబంధించి వివిధ వేదికలకు 286 వినతులు పంపితే 255 సందర్భాల్లో తొలగింపు జరిగింది. తీసేసిన పాటలో ఏ మాట ఎవరికి ముప్పు తెచ్చిందో శ్రోతకు ఎవరూ చెప్పరు. గాయకుడి వాదన ఏ న్యాయమూర్తీ వినడు. చింక్స్ అనే డ్రిల్ గాయకుడి పాట తొలగింపు తప్పని అదే మండలి తేల్చింది. మిగతా పాటలకు ఆపాటి పునఃపరిశీలన ఎక్కడ?

ఇన్ని ఆంక్షల మధ్యే డిగ్గా డీ ‘మేడ్ ఇన్ ది పైరెక్స్’ 2021లో బ్రిటన్ ఆల్బమ్ చార్టులో మూడో స్థానానికి, ‘నాటీ బై నేచర్’ 2022లో మొదటి స్థానానికి చేరాయి. నిషేధమే అతనికి ప్రచారం తెచ్చిందనే వాదన ఉంది. అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ, జైలుకూ స్టూడియోకూ మధ్య గడిచిపోయిన ఒక యువకుడి ఏళ్లను అది లెక్కలోకి తీసుకోదు.

2024లో అతను గంజాయి దిగుమతి కేసులో నేరం ఒప్పుకున్నాడు, లింకన్ క్రౌన్ కోర్టు జైలు శిక్ష వేసింది. ‘చూశారా, ఇలాంటివాణ్ని వెనకేసుకొచ్చారు’ అని విమర్శకులు అనవచ్చు. నాకు ఈ కేసు వేరే సంగతి చెబుతోంది. ఏళ్ల తరబడి అతని పాటలపై పెట్టిన నిఘా ఈ నేరాన్ని ఆపలేదు. నేరం బయటపడ్డాక శిక్షించడానికి మామూలు మాదకద్రవ్యాల చట్టం సరిపోయింది. పాటలపై ఇలాంటి ఉత్తర్వు కోరేటప్పుడు, ఏ మాట వల్ల ఏ హాని జరుగుతుందో కోర్టులో ఒక్కొక్కటిగా రుజువు చేసే బాధ్యత పోలీసులపై ఉండాలి. అది చేయలేని చోట ఉత్తర్వు ఇవ్వకూడదు.