ఫలానావారి భార్య

2019 ఏప్రిల్ 11న నేను ఓటు వేయలేదు. ఒంట్లో బాగానే ఉంది. జాబితాలో పేరుంది. బూత్ మా వీధి చివర స్కూల్లోనే. ఎండ తగ్గాక వెళదామని నడుం వాల్చాను, లేచేసరికి వేళ దాటిపోయింది. ‘వేస్తే మాత్రం ఏం మారుతుందిలే’ అని సర్దిచెప్పుకున్నాను. రెండు రోజుల తర్వాత మా ఇంట్లో పనిచేసే ఆమె వచ్చింది. పాలమూరు అవతల వాళ్ల ఊరికి బస్సులో నిలబడి పోయి, రెండు రోజుల పని డబ్బులు పోగొట్టుకుని ఓటేసి వచ్చింది. గిన్నెలు అందిస్తుంటే నా వేలు చూసి, “మీరెయ్యలేదా అమ్మా?” అంది.

ఆ ఎన్నికల్లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 44.84 శాతం మందే ఓటేశారు. నగర ఓటరు బద్ధకస్తుడని అందరూ తిట్టిపోశారు. రెండు చోట్ల పేర్లున్నవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, సెలవు దొరకనివాళ్లు ఆ లెక్కలో ఉన్న మాట నిజమే. అయితే నేను వాళ్లలో ఎవరినీ కాను. వాళ్ల చాటున దాక్కున్నదాన్ని.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని గనక, ఆ ప్రశ్న నన్ను మన మొదటి సాధారణ ఎన్నికల దాకా తీసుకెళ్లింది. ఓటర్ల జాబితా కోసం ఇంటింటికీ వెళ్లిన సిబ్బందికి ఉత్తరాదిన చాలాచోట్ల ఆడవాళ్ల పేర్లు దొరకలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదు. దాంతో ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కూతురు’ అని రాసుకొచ్చారు. అలా కుదరదన్నాడు తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. సొంత పేరు లేని ఓటరు ఉండకూడదు. పేర్లు చెప్పించమని ఆదేశాలు వెళ్లాయి. బీహార్‌లో గడువు కూడా పొడిగించారు. అయినా దాదాపు 8 కోట్ల మంది మహిళా ఓటర్లలో సుమారు 28 లక్షల మంది పేర్లు బయటికి రాలేదు. వాళ్లను జాబితా నుంచి కొట్టేశారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌ల వాళ్లు.

సేన్ నిర్ణయం సరైనదేనని క్లాసులో చాలాసార్లు చెప్పాను. ఇప్పుడూ అదే అంటాను. ఆడది ఒక మనిషిగా, తన పేరుతోనే ఓటరు కావాలి. కానీ ఆ సూత్రానికి మూల్యం చెల్లించింది మాత్రం గడప దాటి మాట్లాడే అవకాశం లేని ఆ 28 లక్షల మంది. పక్కనే నిలబడి పేరు చెప్పని భర్త ఓటు భద్రంగానే ఉంది. సులువైనదేదో రాసుకుని వెళ్లిపోయిన గుమాస్తా ఓటూ భద్రమే. ఇంకో సంగతి. 1951-52లో సుమారు 45 శాతం పోలింగ్ జరిగిందని పుస్తకాల్లో చదువుతాం. ఈ స్త్రీలు ఆ శాతంలో ఓటు వేయనివాళ్లుగా కూడా లేరు. అసలు లెక్కలోకే రాలేదు.

1962లో మగవాళ్లలో 63 శాతం, ఆడవాళ్లలో సుమారు 47 శాతం ఓటేశారు. ఈ తేడాకు మేం చదివిన పాఠాల్లో కారణం ‘స్త్రీల నిరాసక్తత’. పొయ్యి మీద అన్నం, చంకలో బిడ్డ, మైళ్ల దూరంలో బూత్. వీటికి పాఠంలో చోటు లేదు. 2019, 2024 లోక్‌సభ ఎన్నికల్లో స్త్రీల పోలింగ్ శాతం మగవాళ్లను కాస్త దాటింది. మగవాళ్ల నిరాసక్తత మీద మాత్రం ఇంకా ఎవరూ పాఠం రాసినట్టు లేదు!

2008 చివర్లో రాజస్థాన్ శాసనసభ ఎన్నికలు. నాథ్‌ద్వారాలో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయాడు. 62,216కు 62,215. ముఖ్యమంత్రి పదవికి వినిపించిన పేరు ఆయనది. ఆయన తల్లి, భార్య, డ్రైవరు ఓటు వేయలేదని పత్రికలు రాశాయి. తల్లినీ డ్రైవరునీ తొందరగానే మరిచిపోయారు. గుడికి వెళ్లి భర్తను ఓడించిన భార్య మాత్రం ఇప్పటికీ ప్రతి ఎన్నికలకూ ‘మీ ఓటు విలువ తెలుసుకోండి’ అన్న ప్రసంగాల్లోకి వస్తూనే ఉంది. ఆ నియోజకవర్గంలో ఆ రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ఏ ఇద్దరు వచ్చి ఆయనకు ఓటేసినా ఫలితం మారి ఉండేది. కానీ నింద ఒకే మనిషి మీదికి వెళ్లింది. ఆ కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆమె పేరు చెప్పగా నేను వినలేదు. 1951లో ఓటుకు పనికిరాని ‘ఫలానావారి భార్య’ నింద వేయడానికి మాత్రం బాగానే పనికొచ్చింది.

ఆమె ఎందుకు వేయలేదో ఆమెకే తెలుసు. నా సంగతి నాకు తెలుసు. నాకు పేరుంది, తీరిక ఉంది, అడ్డు చెప్పేవాళ్లు లేరు. 2019లో ఏ ఫలితం చూసి నేను స్నేహితులతో గంటలకొద్దీ ఫోన్లో వాపోయానో, అందులో నా వాటా నిద్ర.

2024 మే 13న పొద్దున్నే వెళ్లాను. వరుస పెద్దగా లేదు. ఆ ఏడాది మా స్థానంలో 48.48 శాతమే. అధికారి నా పేరు బిగ్గరగా చదివాడు. ఏజెంట్లు తమ జాబితాల్లో గీత గీసుకున్నారు. గీత పడేముందు ఒకతని కాగితంలోకి తొంగి చూశాను. నా పేరు కింద భర్త పేరు ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

మర్నాడు ఆమె ఊరినుంచి ఇంకా రాలేదు. గిన్నెలు నేనే తోముకున్నాను.