గోదావరి లోయ డైనోసార్ల ఎముకలు: నమూనా సేకరణ సమస్య

సత్తుపల్లి బొగ్గు క్షేత్రంలో బోరు వేసి తీసిన రాతి కోరు ఆ ఒక్క చోటి పొరల క్రమాన్నే చెబుతుంది. అదే గోండ్వానా లోయలో వాయవ్యంగా, కోటా శిలలలో లభించిన డైనోసార్ ఎముకల సూక్ష్మనిర్మాణ పరిశీలనకూ ఈ పరిమితి వర్తిస్తుంది.

1961లో పోచంపల్లి వద్ద బయల్పడిన తొడ ఎముక పొడవు సుమారు 1.7 మీటర్లు. అది రవీంద్రుని శతజయంతి సంవత్సరం. 1975లో ఆ జంతువుకు బారాపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. యామనపల్లి కోటాసారస్‌ను 1988లో పి. యాదగిరి వర్ణించారు; దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలిచి ఉంది. ప్రదర్శనలో ఉన్న ఎముకను నిలువునా కోయడానికి ఏ మ్యూజియం ఒప్పుకుంటుంది?

తొడ ఎముకను నడుమ అడ్డంగా కోస్తే చుట్టుకొలత పొడవునా వృద్ధిరేఖలు కనిపిస్తాయి. చివరల దగ్గర, ఎదుగుదలలో ఎముక ఆకారం మారేటప్పుడు పాత పొరలు చెరిగిపోతాయి. అక్కడి రేఖలను లెక్కిస్తే వయస్సు తక్కువగా తేలుతుంది. టాంజానియాలోని టెండగురు సారోపాడ్లపై 2000లో ప్రచురించిన అధ్యయనంలో మార్టిన్ సాండర్ కోరు రంధ్రాల పద్ధతిని అనుసరించాడు. ఎముకకు నష్టం స్వల్పం, కానీ ఒక పార్శ్వమే తెలుస్తుంది. ముందువైపు మందం, వెనుకవైపు మందం సమానం కావు గనుక, వేర్వేరు పార్శ్వాల కోరులతో రెండు జంతువుల ఎదుగుదలను పోల్చడం చెల్లదు.

పక్కటెముకలు పాత రేఖలను మెరుగ్గా నిలుపుకొంటాయన్న వాదన బలమైనదే. అయితే బారాపాసారస్ నిక్షేపంలో కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు చాలావరకు విడివడి ఉన్నాయి. ఏ పక్కటెముక ఏ తొడ ఎముకతోడిదో తేల్చనిదే ఆ రెండు లెక్కలను సరిపోల్చలేము.