200 కంబళ్ళు, 142 ఏళ్ళు

అలాస్కా అనగానే మనవాళ్ళకి మంచు, ఇగ్లూలు గుర్తొస్తాయి. మహా అయితే క్రూజ్ ట్రిప్పు. కానీ ఆ క్రూజ్ షిప్పులు తిరిగే ఆగ్నేయ అలాస్కాలో ఇగ్లూలు ఎప్పుడూ లేవు. అక్కడుండేది వాన, దట్టమైన అడవులు, సాల్మన్ చేపలు. అది ట్లింగిట్ జనం నేల. ఆదివాసీలంటే చట్టం, న్యాయం తెలియని జనం అనుకునేవాళ్ళు వీళ్ళ చరిత్ర తప్పకుండా చదవాలంటాను.

ట్లింగిట్ సమాజం మొత్తం రెండు సగాలు. ఒకటి బొంతకాకి పక్షం, రెండోది గద్ద పక్షం (కొన్ని చోట్ల తోడేలు అంటారు). పుట్టిన బిడ్డ తల్లి పక్షానికే చెందుతుంది. పెళ్ళి మాత్రం అవతలి పక్షంతోనే. మన సగోత్రం పట్టింపు లాంటిదే, కాకపోతే ఇక్కడ గోత్రం అమ్మ నుంచి వస్తుంది. మగపిల్లాడికి విద్యాబుద్ధులు నేర్పేది మేనమామ.

ఒక్కో పక్షంలో బోలెడు వంశాలు. వంశం ఆస్తంటే ఇళ్ళు, చేపలు పట్టే ఏరులు మాత్రమే కాదు. పాటలు, కథలు, పేర్లు, చిహ్నాలు కూడా. వేరే వంశం పాట అనుమతి లేకుండా పాడితే తప్పు. లైసెన్సుల గురించి గంటలు గంటలు వాదించుకునే మనకి ఇది తొందరగానే అర్థమవ్వాలి.

ఎవరైనా చనిపోతే కర్మకాండ చేసేది అవతలి పక్షం వాళ్ళు. తర్వాత చనిపోయినవారి వంశం పాట్‌లాచ్ అనే పెద్ద విందు పెట్టి, కానుకలిచ్చి ఆ ఋణం తీర్చుకుంటుంది. ఎవరివల్లనైనా ప్రాణం పోతే, వాళ్ళ వంశమంతా బాధ్యత వహించి పరిహారం ఇవ్వాలి. దీన్ని వాళ్ళు దండుగ అనుకోరు, చెదిరిన లెక్క సరిచెయ్యడం అనుకుంటారు.

ఇక అసలు విషయానికొస్తే, 1867లో రష్యా అలాస్కాని 72 లక్షల డాలర్లకి అమెరికాకి అమ్మేసింది. రష్యన్లకి అక్కడున్నవి కొన్ని కోటలు మాత్రమే. మాది కానిచ్చి మా భూమి ఎలా అమ్మారని ట్లింగిట్లు అప్పుడే అడిగారు. పట్టించుకున్న నాథుడు లేడు.

1882 అక్టోబర్‌లో అంగూన్ ఊరి దగ్గర తిమింగలాల వేటలో హార్పూన్ తుపాకీ పేలి, కంపెనీలో పనిచేస్తున్న ఒక ట్లింగిట్ మంత్రవైద్యుడు చనిపోయాడు. ఊరివాళ్ళు తమ ధర్మం ప్రకారం 200 కంబళ్ళు పరిహారం అడిగారు. ఆ రోజుల్లో ఆ తీరంలో కంబళ్ళంటే డబ్బు లెక్కే. వాళ్ళు పడవలు, మనుషుల్ని పట్టుకున్నారని కంపెనీ ఫిర్యాదు. సంతాపంగా పని ఆపామంతే అని ఊరివాళ్ళ మాట. నేవీ కమాండర్ మెరిమన్ వచ్చి, ఎదురు మీరే 400 కంబళ్ళు కట్టండన్నాడు. అన్ని కట్టలేకపోయారు. అక్టోబర్ 26న ఊరిమీద ఫిరంగులు పేల్చారు, ఇళ్ళు, పడవలు తగలబెట్టారు. ఆరుగురు పిల్లలు పొగకి చనిపోయారని అంగూన్ వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చలికాలానికి దాచుకున్న తిండి కూడా బూడిదైంది.

ఆ రోజు ఊళ్ళో లేకపోవడంవల్ల ఒక్క పడవ మిగిలింది. దాంతోనే చేపలు పట్టి మిగిలినవాళ్ళు బతికారు. ఆ పడవ పాడైపోయాక మనిషికి చేసినట్టే దహనం చేశారట. దాని ముందుభాగానికుండే బీవర్ బొమ్మ మాత్రం 1999లో న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో దొరికి, సొంతవాళ్ళకి చేరింది.

1973లో అమెరికా ప్రభుత్వం 90,000 డాలర్లు పరిహారమిచ్చింది. మన భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ చేసేసింది. అంగూన్ వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. క్షమాపణ ఏదీ అని అడుగుతూనే వచ్చారు. చివరికి 2024 అక్టోబర్ 26న, సరిగ్గా 142 ఏళ్ళకి, నేవీ అధికారి అంగూన్ వచ్చి, మేము చేసింది తప్పని చెప్పి క్షమాపణ కోరాడు.

ఇన్నేళ్ళ తర్వాత క్షమాపణ వల్ల ఒరిగేదేమిటి అని కొట్టిపారేసేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. వంశం చావదు గనక బాధ్యతా చావదనేది ట్లింగిట్ న్యాయం. 1882లో నేవీ అర్థం చేసుకోనిది సరిగ్గా ఆ న్యాయాన్నే. కాల్పులు జరిపిన వాళ్ళలో ఒక్కడూ బతికిలేని రోజున, నేవీ అనే సంస్థ తన తప్పుని తన నెత్తిన వేసుకుంది. అంటే 142 ఏళ్ళ తర్వాతైనా ట్లింగిట్ చట్టం ప్రకారమే నడిచిందన్నమాట. మరి ఇద్దరిలో చట్టం తెలియనిదెవరికి?